అద్దె స్కూటరూ, మా తరమూ

పోయిన వేసవిలో ప్రాజెక్టు పని మీద రెండు నెలలు బెంగుళూరులో వున్నాను. వెళ్లిన మూడోరోజు వీడియో కాల్లో మా అమ్మ నా వెనక నిలబెట్టి వున్న చిన్న నీలం బండిని చూసి "ఎవరి బండిరా అది?" అంది. ఏమని చెప్పను? నాది కాదు, స్నేహితుడిది కాదు, దొంగతనంగా తెచ్చిందీ కాదు. "ఎవరిదీ కాదమ్మా, అందరిదీ" అన్నాను. "అందరిదీ అయితే పెట్రోలు ఎవరు పోస్తారు?" అంది. పెట్రోలు అక్కర్లేదు, కరెంటుతో నడుస్తుందన్నాను. "మరి ఆ కరెంటు బిల్లు?" అంది. మా ఎకనామిక్స్ లెక్చరరుగారు ఒక సెమిస్టరంతా చెప్పిన పాఠం ఆ రెండు ప్రశ్నల్లోనే వుందని నాకు తట్టడానికి మరో నెల పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన యూనియన్ సమావేశంలో మెట్రో స్టేషను నుంచి కాలేజీ గేటు దాకా ఇలాంటి అద్దె స్కూటర్లు తెప్పించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ వున్నాను. చప్పట్లు కొట్టేముందు చెప్పవలసిన సంగతులు కొన్ని నా దగ్గర వుండి కూడా చెప్పలేదు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

ముందు ఈ బండి ఎలా పనిచేస్తుందో చూడండి. రోడ్డుపక్క పది పన్నెండు బళ్లు నిలబడి వుంటాయి. కాపలావాడు లేడు, తాళంచెవి లేదు. ఫోన్లో ఆ కంపెనీ యాప్ తెరిచి, హ్యాండిల్ మీద వున్న నలుపు తెలుపు గళ్ల గుర్తును చూపిస్తే తాళం ఊడుతుంది. అక్కణ్ణుంచి నిమిషాల లెక్క మొదలు. దిగి తాళం వేసేదాకా డబ్బు పడుతూనే వుంటుంది. ఎక్కడ పడితే అక్కడ వదిలెయ్యడానికి లేదు. కంపెనీ గీసుకున్న చోటే ఆపాలి, లేకపోతే జరిమానా. బండిలో వున్నది లిథియం అయాన్ బ్యాటరీ. దాన్ని మనం ఛార్జి చెయ్యం. కంపెనీ మనుషులు తిరుగుతూ, ఖాళీ అయినవి తీసి నిండినవి పెట్టి పోతూ వుంటారు. అమ్మ అడిగిన కరెంటు బిల్లు అలా మన నిమిషాల్లో కలిసిపోతుంది. బెంగుళూరులో ఇలాంటి బళ్లకు యూలు అనే కంపెనీ పేరుపడింది. 2017లో పుట్టింది, మొదట మామూలు సైకిళ్లతో మొదలుపెట్టి తరవాత కరెంటు బళ్లకు మారింది. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ లాంటి పేటల్లో పీజీల నిండా మన తెలుగు పిల్లలే గనక, ఆ బళ్ల మీద వినిపించే పాటలు సగం మన సినిమాలవే.

నిజానికి ఈ పద్ధతి మన వూళ్లకు కొత్తదేం కాదు. మా నాన్నగారి తరంవాళ్లను అడగండి, గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చే షాపు లేని వూరుండేది కాదంటారు. మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నెంబరు, లోపల బల్ల మీద పొడుగాటి లెక్కల పుస్తకం. పేరూ, తీసుకున్న టైమూ రాసుకుని షాపాయన ఒకే ఒక్క ప్రశ్న వేసేవాడట: "మీ నాయన పేరేంది?" అదే డిపాజిట్టు, అదే గ్యారంటీ. సైకిలు వంకర చేసి తెచ్చామా, సాయంత్రానికి కబురు ఇంటికి చేరేది. మా వూళ్లో ఆఖరి సైకిలు షాపులో మూడో క్లాసులో నేనూ అద్దెకు తీసుకున్నాను. పంక్చరైతే తోసుకుంటూ తిరిగొచ్చి, ఏడుస్తూ డబ్బు కట్టాను. ఇప్పటి కంపెనీకి మన నాయన పేరుతో పనిలేదు. ఫోను నెంబరూ, అందులో వున్న డబ్బూ చాలు. బండి ఎటు వెళ్లిందీ, ఎంతసేపు ఆగిందీ దానికి తెలుసు. నడిపినవాడు ఎవరో మాత్రం తెలియదు. తరవాత చెప్పబోయే తగాదాలన్నీ ఇక్కణ్ణుంచే బయల్దేరాయని నా అభిప్రాయం.

సొంత బండి అంటే మన ఇళ్లలో వుండే గౌరవం వేరు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులున్నాయి. పెళ్లిచూపుల్లో కుర్రాడి ఉద్యోగం తరవాతి మాట స్కూటరే. కట్నం కింద స్కూటరు రాలేదని అలిగిన అల్లుళ్ల కథలు మీ ఇళ్లలోనూ వుంటాయి. మా ఇంట్లో వుంది, ఆయన పేరు చెప్పను, ఈ సంచిక ఆయనకూ అందుతుంది. మా నాన్నగారి పాత చేతక్ ఇప్పటికీ గుడ్డ కప్పుకుని వసారాలో వుంది. కొనేవాడు లేడు, అమ్మే మనసూ లేదు. ఆ మోడల్ తయారీ ఆగిపోయి, 2020లో అదే పేరుతో కరెంటు స్కూటరు వచ్చింది. 2023లో యూలు తెచ్చిన కొత్త బళ్లను తయారుచేసింది కూడా బజాజ్ వారి చేతక్ టెక్నాలజీ అనే సంస్థే. అంటే నాన్న పేరు రాయించుకుని ఎదురుచూసిన ఇంటివారి బండినే నేను నిమిషాల లెక్కన ఎక్కి దిగుతున్నానన్నమాట! ఈ మాట చెబితే ఆయన నవ్వలేదు. "మరి చివరికి నీకు మిగిలేదేంది?" అన్నారు.

పీజీలో మిత్రుల్ని ఇదే అడిగాను. సర్వే అనేంత పెద్ద మాట వద్దుగానీ, రాత్రి భోజనాల దగ్గర చాలామందితో మాట్లాడాను. మొదట అందరూ చెప్పేది ఒక్కటే: "సొంత బండి తలనొప్పి. సర్వీసింగు, ఇన్సూరెన్సు, పార్కింగు. ఇదైతే ఎక్కడం, దిగడం, మర్చిపోవడం." ఇంకాస్త కూర్చుంటే రెండో మాట బయటికొస్తుంది. ఉద్యోగం వుంటుందో వూడుతుందో తెలియదు, వచ్చే ఏడు ఏ వూళ్లో వుంటామో తెలియదు, కంతులకు మిగిలేంత జీతం లేదు. మా తరానికి ఆస్తి మీద మోజు పోయిందని వక్తలు చెబుతూ వుంటారు. మోజు అలాగే వుంది. కొనే స్తోమత దూరమైంది, దానికి స్వేచ్ఛ అని మనమే ఒక మంచి పేరు పెట్టుకున్నాం. అందరి సంగతీ ఇదే అనను. నిజంగా అక్కర్లేక కొననివాళ్లూ వున్నారు. అయితే వాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర నాన్న బండి ఒకటి వుండనే వుంది.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పాలి. మా చిన్నాన్నగారి కూతురు, నాకు అక్క, అక్కడే ఉద్యోగం చేస్తోంది. ఇంటి దగ్గర వున్నన్నాళ్లూ ఆమెకు స్కూటరు నేర్పించలేదు. "తమ్ముడు దింపుతాడుగా" అనేవారు. దింపే తమ్ముణ్ణి నేనే. బెంగుళూరులో ఆమె మొదటివారమే ఈ బండి ఎక్కేసింది. లైసెన్సు అక్కర్లేకపోవడమే కారణం. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 0.25 కిలోవాట్ల లోపు, అత్యధిక వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకుండా, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటకుండా వుంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. రిజిస్ట్రేషనూ లేదు, లైసెన్సూ లేదు. రాత్రి తొమ్మిదింటికి మెట్రో దిగి, ఆటోవాడితో బేరం లేకుండా, ఎవరికీ ఫోను చెయ్యకుండా తనంతట తాను గదికి చేరడం ఆమెకు ఎంత సంగతో నాకు అర్థం కావడానికి కొంత టైం పట్టింది. "నువ్వు దింపేవాడివి నిజమే, కానీ నువ్వొచ్చేదాకా కూర్చునేదాన్ని కదా" అంది ఒకరోజు. నాకు జవాబు తోచలేదు.

చట్టం అడగలేదని హెల్మెట్టు మానెయ్యడం మాత్రం తెలివితక్కువ. గుద్దుకున్నప్పుడు దెబ్బ వేగం వర్గాన్నిబట్టి వుంటుందని ఇంటర్లో చదివాం. 50లో పోయే బండితో పోలిస్తే 25లో పోయే బండికి అదే బరువు మీద గతిశక్తి నాలుగో వంతే. చట్టం వదిలెయ్యడానికి వెనక వున్న తర్కం ఇదే కావచ్చు. కానీ ఆ లెక్క మనం ఒక్కళ్లమే రోడ్డు మీద వున్నప్పటిది. పక్కనుంచి పోయే సిటీ బస్సు 25లో పోదు. పైగా చిన్న చక్రానికి చిన్న గుంత కూడా పెద్ద గొయ్యే.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక సాయంత్రం స్టాండు నిండిపోయి వుంది, నాకు సినిమాకు టైమైపోతోంది. బండిని ఫుట్‌పాత్‌కు అడ్డంగా పెట్టి, యాప్ ఒప్పుకునేదాకా అటూ ఇటూ జరిపి, తాళం వేసి పరుగెత్తాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక కేక. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన, చూపు సరిగా లేనట్టుంది, మోకాలికి నా బండి తగిలి నిలబడిపోయారు. కన్నడంలో తిట్టారు. సగమే అర్థమైంది, అది చాలు. తిరిగొచ్చి బండి జరిపాను. అది నా సొంత బండి అయితే అలా పెట్టేవాణ్ణా? పెట్టేవాణ్ణి కాదు. ఎవరైనా గీతలు పెడతారని భయపడి జాగ్రత్తగా గోడవారన పెట్టేవాణ్ణి. మనది కానిదాని మీద మనకు ప్రేమ వుండదు సరే, దారినపోయే మనిషి మీద కూడా లేకపోయిందే అని ఆ రాత్రి సినిమాలో కూర్చున్నా మనసు కుదరలేదు.

ఇలా చేసింది నేనొక్కణ్ణే కాదు. 2019 ప్రాంతంలో బెంగుళూరులో బౌన్స్ అనే కంపెనీ అద్దె స్కూటర్లను ఎక్కడైనా తీసుకుని ఎక్కడైనా వదిలేసే పద్ధతిలో తెచ్చింది. అవి చాలావరకు పెట్రోలు బళ్లు. హెల్మెట్లు మాయమయ్యాయి, విడిభాగాలు ఊడబీకారు, విరిగిన బళ్ల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. 2020లో కరోనా వచ్చి అందరి బళ్లనూ ఒక్కసారిగా ఆపేసింది. తరవాత బౌన్స్ తన సొంత కరెంటు స్కూటరు తయారీకి దిగింది. మన హైదరాబాదు మెట్రో స్టేషన్ల దగ్గర స్కూటర్లు అద్దెకిచ్చిన వోగో 2022లో మరో కంపెనీ చేతిలోకి పోయింది. ఆ బళ్ల మీద కాలేజీకి వచ్చిన సీనియర్లు ఇది చదువుతూ వుంటే నేను చెప్పేది పాత కథే అనుకుంటారు.

పైదేశాల్లో ఇది ఇంకా పెద్ద రగడ అయింది. అక్కడివి మన బళ్ల లాంటివి కావు. నిలబడి తొక్కే చిన్నపిల్లల స్కూటరు లేదూ, దానికి మోటారు పెట్టినట్టుంటాయి. 2017లో అమెరికాలో శాంటా మోనికా అనే సముద్రతీరపు వూళ్లో బర్డ్ అనే కంపెనీ వాటిని రోడ్డు మీదికి తెచ్చింది. ఏడాది తిరక్కుండా నగరాలన్నీ వాటితో నిండాయి. పారిస్‌లో మొదట ఎవరికి తోచినట్టు వాళ్లు దింపారు. 2020లో మూడు కంపెనీలకే, ఒక్కోదానికి 5,000 బళ్ల చొప్పున పరిమితం చేశారు. అయినా ఫుట్‌పాత్‌ల మీద పడి వుండటం, ఒకే బండి మీద ఇద్దరు ముగ్గురు ఎక్కడం ఆగలేదు. 2021లో సీన్ నది ఒడ్డున నడుస్తున్న ఒక యువతిని ఇద్దరెక్కిన స్కూటరు గుద్దింది, ఆమె చనిపోయింది. చివరికి 2023 ఏప్రిల్ 2న నగరపాలకులు ప్రజల్నే అడిగారు: అద్దె స్కూటర్లు వుండాలా, వద్దా? ఓటు వేసినవాళ్లలో 89 శాతం వద్దన్నారు. ఆగస్టు ఆఖరుకల్లా బళ్లన్నీ తీసేశారు.

అయితే ఇందులో ఒక మెలిక వుంది. ఓటు హక్కున్న ప్రతి నూరుమందిలో ఎనిమిదిమంది కూడా ఓటుకు రాలేదు. బూత్ దగ్గరికి స్వయంగా పోయి వెయ్యాలి, ఇంటి నుంచి ఫోన్లో వెయ్యడానికి లేదు. స్కూటర్లు ఎక్కేది కుర్రకారు, ఓటు వెయ్యడానికి వచ్చినవాళ్లలో పెద్దవయసువాళ్లు ఎక్కువ అని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. బండి తాళం తియ్యడానికి పది సెకన్లు పడుతుంది గనక రోజూ తీశారు. దాన్ని నిలబెట్టుకోవడానికి ఒక ఆదివారం ఉదయం బూత్ దాకా పోవాలి, పోలేదు. మన యూనియన్ సమావేశాలకు హాజరు ఎంత వుంటుందో తెలిసినవాళ్లు పారిస్ కుర్రాళ్లను ఏమీ అనలేరు. ఆ తరవాత 2024లో మెల్‌బోర్న్, మాడ్రిడ్ నగరాలు కూడా అద్దె స్కూటర్లను వద్దనుకున్నాయి. బర్డ్ కంపెనీ అంతకుముందే 2023 డిసెంబరులో దివాలా పిటిషన్ పెట్టుకుంది.

పొగ రాదు గనక వాతావరణానికి మేలు కదా అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అమెరికాలో నార్త్ కెరొలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో దీన్ని లెక్కగట్టారు. ఆ యూనివర్సిటీ వున్న ర్యాలీ నగరంలో తెలుగువాళ్లు ఎక్కువే, మన పూర్వవిద్యార్థులు కొందరైనా ఆ చుట్టుపక్కల వుండే వుంటారు. నిలబడి నడిపే అద్దె స్కూటరు మీద ఒక మైలు పోతే సగటున దాదాపు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడుకు సమానమైన భారం పడుతుందని తేల్చారు. అది పొగ గొట్టంలోంచి వచ్చేది కాదు. సగం బండి తయారీలోది. మరో నలభై శాతం పైగా, రాత్రిళ్లు కార్లేసుకుని తిరిగి బళ్లన్నీ ఏరి, ఛార్జి చేసి, తెల్లవారి మళ్లీ పంచిపెట్టడంలోది. మనం కరెంటు అనుకునేది అందులో చిన్న భాగమే. ఇంకో మాట, ఈ స్కూటరు లేకపోతే ఎలా వెళ్లేవారని అడిగితే సుమారు సగంమంది నడిచో సైకిలు మీదో అన్నారు. కారెక్కేవాళ్లమన్నది మూడో వంతు. కాళ్లకు బదులు బండెక్కితే గాలికి ఒరిగే మేలేమిటి? మన దగ్గర బ్యాటరీ మాత్రమే మారుస్తారు, బళ్లు మోటుగా గట్టిగా వుంటాయి గనక ఆ అంకెలు ఇక్కడ ఉన్నదున్నట్టు వర్తించవు. ఎన్నేళ్లు నడిచిందన్నదే అసలు లెక్క. బండి ఎంత ఎక్కువకాలం బతికితే దాని తయారీ భారం అన్ని మైళ్లకు పంచబడుతుంది. ఊడబీకిన ప్రతి అద్దమూ, విరగ్గొట్టిన ప్రతి స్టాండూ ఆ ఖాతాలో కలుస్తాయి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మనిషి దగ్గరికి వస్తాను. మా పీజీలో కింద గదిలో ఒక కుర్రాడు వుండేవాడు. మా జిల్లావాడే, వాళ్లది మా పక్క మండలం. డిగ్రీ మూడో ఏడు రెండు పేపర్లు మిగిలిపోతే బెంగుళూరు వచ్చి, ఆహారం సరుకులు ఇంటింటికీ అందించే పనిలో చేరాడు. లైసెన్సు లేదు, సొంత బండి లేదు. వారానికింత అని అద్దెకిచ్చే కరెంటు బండి దొరకబట్టే ఆ పని దొరికింది. 2020 తరవాత ఈ బళ్లు ఎక్కువగా చేరింది ఇలాంటివాళ్ల చేతుల్లోకే. సరదాకి తిరిగే మాలాంటివాళ్లు రోజుకు పావుగంట నడుపుతాం, వీళ్లు పది గంటలు నడుపుతారు. కంపెనీలు వీళ్లకోసమే సామాను పెట్టుకునే వేరే బళ్లు కూడా తెచ్చాయి.

ఒకరోజు నేను ఈ బళ్ల గురించి ఉత్సాహంగా ఏదో చెబుతుంటే విని, "నీకది ఆటబొమ్మనే అన్నా. నాకు ఎద్దు. దున్నినా దున్నకున్నా మేత ఎయ్యాలె" అన్నాడు. మేత అంటే వారం అద్దె. మే నెలలో వాడికి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. బండి గోడకు ఆనించి వుంది, అద్దె పడుతూనే వుంది. లేచాక లెక్క చూసుకుంటే ఆ వారం వాడికి మిగిలింది ఏమీ లేదు. ఇక చాలనుకుని, ఊరికిపోయి పరీక్షలు రాద్దామని బండి అప్పజెప్పాడు. ముందు మడ్‌గార్డు పగిలిందని డిపాజిట్టులోంచి కోసేశారు. తీసుకునేనాటికే పగిలి వుందని వాడంటాడు. ఫొటో తియ్యలేదు. నేను ఇంగ్లీషులో పొడుగాటి ఫిర్యాదు రాసి పంపాను. క్షణంలో జవాబు వచ్చింది, వాళ్లు మా మాటకు ఎంతో విలువిస్తారట. ఆ తరవాత ఏమీ రాలేదు. సైకిలు షాపాయన కూడా పంక్చరుకు నా దగ్గర డబ్బు తీసుకున్నాడు, నిజమే. కానీ ఆయన ఎదురుగా నిలబడి ఏడవడానికి వీలుండేది. "సరేలే, సగమియ్యి" అన్నాడు కూడా.

ఆ డిపాజిట్టు డబ్బే వాడు పరీక్ష ఫీజు కోసం అనుకున్నది. చివరికి మేము నలుగురం వేసుకుని ఆలస్య రుసుముతో కట్టించాం. ఒక పేపరు పాసయ్యాడు. ఒకటి ఇంకా వుంది. ఇప్పుడు మళ్లీ బెంగుళూరులోనే వున్నాడు, మళ్లీ అద్దె బండి మీదే. మొన్న ఫోన్లో అడిగితే "ఈసారి తీస్కునే రోజే ఇరవై ఫొటోలు తీసిన్నన్నా" అన్నాడు.

అందుకని ప్రతిపాదన గురించి నా మాట ఇది. బళ్లు రావడం మంచిదే. స్టేషను నుంచి గేటు దాకా ఎండలో నడిచివచ్చే అమ్మాయిలకూ, సాయంత్రం లైబ్రరీ మూసేదాకా వుండేవాళ్లకూ అవి కావాలి. కానీ స్టాండు గేటు ముందు ఫుట్‌పాత్ మీద వద్దు. పుస్తకాల బండి అబ్బాయి, మొక్కజొన్న పొత్తులమ్మే అమ్మ అక్కడే కూర్చుంటారు, మన హాస్టల్లో చూపులేని విద్యార్థులు ఆ దారినే నడుస్తారు. గేటు లోపల వాచ్‌మన్ గది పక్క ఖాళీ స్థలం వుంది. కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడు డిపాజిట్టు కోతకు ముందు మనిషితో మాట్లాడే వీలు వుండాలనీ, వాళ్ల తరఫున ఒక మనిషి వారానికి ఒక్కరోజైనా కాలేజీలో కూర్చోవాలనీ రాయించాలి. రెండో షరతుకు వాళ్లు ఒప్పుకోరని మా లెక్చరరుగారు అంటున్నారు. అడిగి చూద్దాం. ఈ లోపల వాచ్‌మన్ గది పక్క ఎన్ని బళ్లు పడతాయో కొలవాలి. శనివారం మధ్యాహ్నం నేను టేపు తీసుకుని వస్తాను. రెండో కొస పట్టుకోవడానికి ఎవరైనా ఒకరు కావాలి.